చివరి పిలుపు ఎవరి వంతు

లోర్నా హెగ్‌స్టాడ్ పర్యవేక్షణలో తొమ్మండుగురు పనిచేస్తారు. వారిలో ఏ ఇద్దరి ఇళ్లకూ నడుమ ఇరవై మైళ్లకు తక్కువ దూరం లేదు. ఒకరు వంటగదిలో కూర్చుంటారు. ఒకరు పెళ్లయి వెళ్లిపోయిన కూతురి గదిలో కూర్చుంటారు. ఇంకొకరు ఒకప్పుడు ఆవులుండి ఇప్పుడు ఖాళీ అయిన కొట్టంలో హీటరు పెట్టుకొని కూర్చుంటారు. మిన్నెసోటా ఉత్తరపు కొసన కారు నడపలేని వృద్ధులూ రోగులూ ఫోన్ చేస్తే, ఏ రోజు, ఏ గంటకు, ఏ ఆసుపత్రికి పోవాలో కనుక్కొని, బండినీ బండి నడిపే మనిషినీ కుదిర్చిపెట్టడం వారి వృత్తి. మనిషి మాటను చెవితోనే గాక ప్రాణంతో వినవలసిన పని అది. అటువంటి వినికిడిని మా పెద్దలు ఉపాసన అన్నారు. లోర్నా మాత్రం దాన్ని 'ఫోన్ పని' అంటుంది.

ఆమె ఇల్లు మా ఊరు థీఫ్ రివర్ ఫాల్స్‌లో, మా వీధి చివర ఉంది. తెలుగునాటి నుంచి వచ్చి నేనిక్కడ స్థిరపడిన ఇరవై ఆరేళ్లుగా ఒకరి వాకిట్లో మంచును మరొకరం తీసుకుంటూ వస్తున్నాం గనుక, ఈ కథ నాకు ఆమె నోటనే తెలిసింది. ఇరవై రెండేళ్లపాటు ఆమె బడిబస్సుల షెడ్డులో డ్రైవర్లకు దారులు పురమాయించింది. అక్కడ మనుషులు కళ్లెదుటే ఉండేవారు. ఎవరు అలిగారో, ఎవరికి నిద్ర చాలలేదో, కాఫీ కప్పు పట్టుకున్న తీరులోనే ఆమెకు తెలిసిపోయేది. మూడేళ్లనాడు ఈ ఉద్యోగంలో చేరాక, ఆ తొమ్మండుగురూ ఆమెకు తెర మీది తొమ్మిది చదరపు బొమ్మలయ్యారు. ఆ బొమ్మల చేతుల్లో కాఫీ కప్పులు కనిపించేవి కావు.

పని సాగే విధానం ఇది. ఫోన్ చేసినవారి పేరూ ఊరూ తొమ్మిది తెరల మీదా ఒక్కసారే ప్రత్యక్షమవుతాయి. ఆ దారులు ఎరిగినవారు పేరు మీద నొక్కి మాట్లాడతారు. రోజో అనే ఊరి వైపు వంతెన మీద మంచు గడ్డకట్టిన సంగతి మానోమెన్‌లో ఉన్నవారికి తెలియదు గనుక, ఎవరు ఎత్తాలన్నది యంత్రానికి వదలక మనుషులకే వదిలారు. రెండున్నరేళ్లు ఆ పద్ధతి సాఫీగా నడిచింది. పిలిచినవారు సగటున నిమిషంన్నర కంటే ఎక్కువ కాచుకోలేదు.

సెప్టెంబరులో మినియాపొలిస్ ప్రధాన కార్యాలయానికి డెరిక్ వాస్లర్ అనే కొత్త అధికారి వచ్చాడు. వయస్సు ముప్ఫైయారు. అరిజోనాలో పుట్టిపెరిగినవాడు. ఇళ్లలో ఒంటరిగా పనిచేసేవారు ఉత్సాహం కోల్పోకూడదన్నది అతని సంకల్పం. సంకల్పం మంచిదే. దాని ఫలంగా ఒక పట్టిక పుట్టింది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఎవరెవరు ఎన్ని పిలుపులు అందుకున్నారో వరుసగా పేర్లతో అందరికీ వెళ్లేది. అన్నిటికంటే పైపేరుకు బంగారు నక్షత్రమూ, ఒక కాఫీ దుకాణంలో చెల్లే బహుమానపు కార్డూ దక్కేవి. ఆ దుకాణాల్లో అతి దగ్గరిది డెబ్బై మైళ్ల దూరంలో ఉండడం డెరిక్ ఎరుగడు. పట్టిక కింద లోర్నా అభినందన వాక్యం ఒకటి రాసేది. రాయవలసిన విధి ఆమెది.

ఫిబ్రవరి వచ్చేసరికి నిరీక్షణ నాలుగు నిమిషాలకు పెరిగింది. విచిత్రమేమంటే, ఫోన్లు వరదలా వచ్చే ఉదయం వేళ ఆలస్యం లేదు. పని పలచబడే మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడుకూ నడుమనే ఆలస్యం పెరిగింది. ఆ నెల ఆరో తేదీన రోజో దగ్గర గ్రీన్‌బుష్ అనే చిన్న ఊళ్లో ఎమిల్ నొవాట్నీ అనే ఎనభై ఒక్క ఏళ్ల పెద్దమనిషి పదకొండు నిమిషాలు ఫోన్ పట్టుకొని ఉండి, చివరకు పెట్టేశాడు. మర్నాటి డయాలిసిస్‌కు ఆయనకు బండి రాలేదు. ఒక రోజు ఆలస్యంగా పొరుగువాడు తీసుకుపోయాడు. ప్రాణానికి ముప్పు రాలేదు గాని, వచ్చే వీలుండింది.

డెరిక్ ఫోన్ చేశాడు.

"లోర్నా, మీవాళ్లని తిట్టడానికి చెయ్యలేదు నేను. లెక్క మీరే చూడండి. లైన్లో ఉన్నది ఒకే ఒక్క మనిషి. మీవాళ్లు నలుగురు ఖాళీగా ఉన్నారు. పదకొండు నిమిషాలు. అంటే ఏంటి? భోజనం చేసి పడుకుంటున్నారనేగా?"

"వాళ్లట్లాంటి వాళ్లు కాదండీ."

"మరి కుర్చీలో ఉంటే ఎత్తరా?"

డెరిక్ జవాబుకు ఆగకుండా తేదీ చెప్పాడు.

"పైవాళ్లు నిర్ణయించేశారు. మార్చి పదిహేనుకల్లా నిరీక్షణ రెండు నిమిషాల లోపుకి రావాలి. రాకపోతే ఫోన్లన్నీ ఇక్కడి హాల్లోకి మార్చేస్తాం. వచ్చేవాళ్లు వస్తారు, రానివాళ్లు మానేస్తారు. ఈలోగా పది నిమిషాలకోసారి తెర ఫోటో తీసే ప్రోగ్రామొకటుంది. సోమవారం అందరి కంప్యూటర్లలో ఎక్కిస్తున్నా."

"అది వద్దండీ. రెండు వారాలు నాకొదలండి. సంగతేంటో నేనే కనుక్కుంటాను."

"రెండు వారాలే" అన్నాడు అతడు.

మినియాపొలిస్ అయిదు గంటల ప్రయాణం. ఓరిన్ హాగ్స్‌రుడ్ కాలు పదేళ్లనాడు కోతయంత్రంలో పడి నలిగింది. అతనికి అరవైనాలుగేళ్లు, చేతికర్ర లేనిదే నాలుగడుగులు వేయలేడు. బ్యాగ్లీలో ఉండే వెర్నా ట్వైట్ భర్త జ్ఞాపకశక్తి పోయి, ఆమె గొంతు వినబడనప్పుడల్లా ఇల్లంతా వెతుకుతాడు. తక్కినవారి పరిస్థితులూ ఇంచుమించు ఇటువంటివే. ఫోన్లు నగరానికి పోతే, ఆ తొమ్మండుగురి బతుకుతెరువు పోతుంది. ఆ సంగతి లోర్నా గుండెలో రాయిలా కూర్చుంది.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి తొమ్మిది ముఖాలూ తెర మీదికి వచ్చాయి. ఆమె ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"అంతా బానే ఉందా?"

"బానే ఉంది."

"ఎవరికైనా ఏమన్నా ఇబ్బందిగా ఉందా?"

"అబ్బే, ఏం లేదు."

"మీ వైపు చలి ఎలా ఉంది?"

చలి గురించి మాత్రం మూడు నిమిషాలు ధారాళంగా మాట్లాడుకున్నారు. అప్పుడామె మార్చి పదిహేను సంగతి చెప్పింది. ఎవరి వంటగదిలోనో గడియారం టిక్కుటిక్కుమనడం అందరికీ వినిపించింది.

"సరే, చూద్దాంలే" అంది వెర్నా.

సమావేశం ముగిసింది. ఈ సీమలో మనిషి తన కష్టాన్ని నోట చెప్పడమంటే, ఎదుటివారి నెత్తిన బరువు పెట్టడం కిందే లెక్క. కనుక లోకం తలకిందులవుతున్నా, పరవాలేదనే చెబుతారు. తాతలనాడు నార్వే నుంచి వలసవచ్చిన ఆ జనంలోనిదే లోర్నా. అడగవలసిన రీతిలో అడగడం ఆమెకూ చేతకాలేదు.

ఆ రాత్రంతా ఆలోచించి, ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. నొవాట్నీ ఫోన్ చేసిన వేళ ఖాళీగా ఉన్న నలుగురిలో ఓరిన్ ఒకడు. పైగా గ్రీన్‌బుష్ దారులు అతనికి అరచేతి గీతలంత పరిచయం. అతని ఇంటికి వెళ్లి, పక్కన కూర్చొని, పని ఎలా జరుగుతుందో కంటితో చూడాలి. బుధవారం ఉదయం ఫోన్ చేసి, "అటు వైపు పనుండి వస్తున్నాను, ఒక నిమిషం ఆగి పోతాను" అంది. అటు వైపు ఆమెకు ఏ పనీ లేదని అతనికి తెలుసు. అతనికి తెలుసునని ఆమెకు తెలుసు.

"ఓ. మీకు దారే అయితే రండి" అన్నాడు ఓరిన్.

డెబ్బై మైళ్లు నడిపి, పదకొండున్నరకు చేరుకుంది. ఓరిన్ వంటగదిలో కిటికీ పక్కన చిన్న బల్ల, దాని మీద కంప్యూటరు ఉన్నాయి. అతని భార్య ఆర్డిస్ కాఫీ పోసి, నలుచదరంగా కోసిన నిమ్మబార్లనే తీపి ముక్కలు అయిదు పళ్లెంలో తెచ్చి పెట్టింది.

"తీసుకోమ్మా."

"వద్దండీ, ఇంటి దగ్గర తినే బయల్దేరాను."

"ఒక్కటి తీసుకో."

"నాకోసం మీరు శ్రమపడ్డారు. పరవాలేదండీ."

"చేసింది నువ్వు తినకపోతే ఈయన తింటాడు. ఈయనకి డాక్టరు వద్దన్నాడు."

మూడోసారి అడిగింది గనుక లోర్నా ఒకటి తీసుకుంది.

ఓరిన్ పని చూస్తుంటే ఆమెకు మనస్సు నిండింది. "కారు లోపలికి రాలేదమ్మా మీ దారిలోకి, నాకు తెలుసు. మీరు గడప దాటకండి. డ్రైవరే వచ్చి చెయ్యి పట్టుకుంటాడు. లెన్ని పంపుతున్నా, మీ చిన్నాన్న కొడుకేగా" అని ఒక ముసలామెకు ధైర్యం చెప్పాడు. వెంటనే ఇంకొకరిది ఎత్తాడు. జాబితాలో నలుగురు, అయిదుగురు ఉన్నంతసేపూ అతని చేతికి విరామం లేదు. ఇటువంటివాడు నిద్రపోయి ఒక రోగిని నిరీక్షింపజేశాడంటే ఎవరు నమ్ముతారు?

ఒంటిగంట దాటింది. ఫోన్లు పలచబడ్డాయి. జాబితాలో ఒక్క పేరు మిగిలింది. గ్లాడిస్ అనే ఆమె, ఊరు బ్యాడ్జర్. పేరు పక్కన సెకండ్లు లెక్క పెరుగుతున్నాయి. తెర కుడివైపున ఖాళీగా ఉన్నవారి పేర్లు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. ఓరిన్, వెర్నా, డార్లా, ఇంకా ఇద్దరు.

ఓరిన్ చెయ్యి మౌసు మీద ఉంది. వేలు కదలలేదు. ముప్ఫై సెకండ్లయింది. నిమిషమయింది. కళ్లు ఆ పేరును వదలడం లేదు. రెండు నిమిషాల పది సెకండ్లకు ఆ పేరు మాయమైంది. దాన్ని వెర్నా అందుకుంది. ఓరిన్ ఊపిరి వదిలాడు.

"అది మీరెందుకు ఎత్తలేదు ఓరిన్?" అని లోర్నా అడిగింది. జీవితంలో ఇంత సూటిగా ఎవరినీ అడిగి ఎరుగదు.

అతడు మౌసు వదిలి కిటికీ వైపు తిరిగాడు.

"నాకు పొద్దుట్నించి పద్నాలుగయ్యాయి. వెర్నాకి తొమ్మిదే. మిగిలిన ఆ ఒక్కటీ కూడా నేనే లాక్కుంటే ఏం మర్యాద? శుక్రవారం పట్టికలో నా పేరు పైకెక్కుతుంది. ఆ నక్షత్రం కోసం ఎగబడ్డాననుకోరూ?"

"అందరూ అంతేనా?"

"నేను అడగలేదండీ. వాళ్లూ అడగలేదు. కానీ చివరిది మిగిలితే ఎవ్వరం ముట్టుకోం. ఇంకొకరికి కావాలేమోనని."

"మరి నొవాట్నీ గారు?"

"ఎమిల్ నాకు నలభై ఏళ్లుగా తెలుసు. ఆయన పేరు చూస్తూనే కూర్చున్నా. అప్పటికే ఆ రోజు నాదే పైపేరు. వెర్నా తీసుకుంటుందనుకున్నా. నేను తీసుకుంటానని వెర్నా అనుకొని ఉంటుంది. ఆయన పెట్టేశాక, ఎందుకు చేశాడో మాకెవరికీ తెలియలేదు. సంగతి బయటపడ్డాక ఆదివారం ఇంటికెళ్లి, తప్పు నాదని చెప్పాను. 'దానికేముందోయ్, పరవాలేదు' అన్నాడు. తిడితే బావుండేది."

ఆ మాటలు జరుగుతుండగా పళ్లెంలో ఒక్క నిమ్మబారు మిగిలింది. ఆర్డిస్ చాకు తెచ్చి దాన్ని సగం కోసుకొని, సగం ఉంచింది. ఓరిన్ చెయ్యి చాపి, ఆ సగంలో సగం తీసుకున్నాడు. మిగిలిన ముక్కను లోర్నా యథాలాపంగా మళ్లీ రెండు చేసి, చిన్నది తీసుకొని, తక్కినది పళ్లెంలోనే వదిలింది. అప్పుడు ఆమె చెయ్యి ఆగిపోయింది. గోరంత ముక్క పళ్లెం మధ్యలో పడి ఉంది. దాన్ని ఎవ్వరూ తినరు. సాయంత్రానికి ఎండిపోయి చెత్తలోకి పోతుంది. ఆమె కూడా ఇప్పుడే, ఆలోచించకుండా, సరిగ్గా అదే చేసింది.

పళ్లెం నిండుగా ఉన్నప్పుడు ఈ జనం సంతోషంగా తీసుకుంటారు. చివరిది మిగిలితే ఆకలితో ఉన్నవాడు కూడా తాకడు. నేను పాతికేళ్లుగా వీరి విందులకు పోయి ఎన్ని ముక్కలు అలా ఎండిపోగా చూశానో లెక్కలేదు. పిలిచేవారి జాబితా కూడా ఒక పళ్లెమే అయిందని లోర్నాకు ఆ క్షణాన బోధపడింది. ఎవరెన్ని తీసుకున్నారో లెక్కపెట్టి అందరి ముందూ చదవనంతకాలం, అది పళ్లెమన్న సంగతి ఎవరికీ తోచలేదు. లెక్క పెట్టిన నాటినుంచి చివరి పిలుపు చివరి ముక్క అయింది.

కారులో కూర్చొని, ఇంజను వేడెక్కేలోగా ఆమె డార్లాకు ఫోన్ చేసింది. డార్లా వైట్ ఎర్త్ అనే ఒజిబ్వే ఆదివాసుల ఇలాకాలో ఉంటుంది, ఆ తెగ మనిషే. జట్టులో నవ్వించేది ఆమె ఒక్కతే.

"డార్లా, నిజం చెప్పు. జాబితాలో ఒక్క పేరే మిగిలితే నువ్వేం చేస్తావు?"

అవతల పెద్ద నవ్వు వినిపించింది. "కనిపెట్టావా తల్లీ! అయిదు నెలలు పట్టింది నీకు. ఇల్లంటుకుంటే 'మంట' అని ముందు నేనరిస్తే బావుండదేమోనని బూడిదయ్యేదాకా కూర్చుంటారు మీ నార్వే జనం."

"మరి నువ్వు నార్వే జనం కాదుగా. నువ్వెందుకు ఎత్తవు?"

"ఎత్తానమ్మా. మొదట్లో అన్నీ ఎత్తా. మూడు వారాలు వరసగా నక్షత్రం నాకే వచ్చింది. మూడో వారం మీ వెర్నా ఏమందో తెలుసా? 'అబ్బో, ఈ వారం నీకు ఊపిరాడినట్టు లేదు పాపం' అంది. ఎంత తియ్యగా అందనుకున్నావ్. ముప్ఫై ఏళ్లుగా మీ మధ్య బతుకుతున్నా. ఆ తీపికి అర్థం నాకు తెలీదా? ఆ మర్నాటినుంచి నేనూ చేతులు కట్టుకు కూర్చున్నా."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వేం అడిగావు? 'అంతా బానే ఉందా' అన్నావు. బానే ఉందన్నా. నువ్వు అడిగినదానికే జవాబు చెప్పా."

లోర్నా నవ్వలేదు. ఆ మాట ఆమెకు గట్టిగా తగిలింది. ప్రతి శుక్రవారం ఆ పట్టిక కింద అభినందన రాసింది ఆమే. డెరిక్ అరిజోనావాడు, అతనికి తెలియకపోవడం సహజం. ఆమె ఈ మంచులోనే పుట్టింది. ఆమెకు తెలియవలసింది.

మర్నాడే ఆమె డెరిక్‌కు చెప్పింది.

"డెరిక్ గారూ, ఆ పట్టిక తీసెయ్యండి."

"అదేంటి? వాళ్లని ఉత్సాహపరచడానికేగా పెట్టింది. మా ఊళ్లో అట్లాంటి పట్టిక పెడితే దానికోసం కొట్టుకుంటారు."

"మా ఊళ్లో దాక్కుంటారు."

పళ్లెం సంగతీ ఓరిన్ సంగతీ అంతా వివరించింది. అతడు నిజాయితీపరుడు గనుక చివరిదాకా విన్నాడు.

"మీరు చెప్పేది నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఒక్క ముక్క స్వీటు తినడానికి సిగ్గేంటి?" అన్నాడు. "సరే, తీసేస్తా. తేదీ మాత్రం మారదు. పదిహేనంటే పదిహేనే."

పట్టిక తీసివేసినంత మాత్రాన అలవాటు పోదు. అయిదు నెలల లెక్కలు మనస్సుల్లో మిగిలే ఉంటాయి. ఆదివారం చర్చి నేలమాళిగలో కాఫీ అందుకుంటూ, గోడకు అంటించిన కాగితాన్ని లోర్నా చూసింది. ఏ వారం ఎవరు కాఫీ కాచాలో, ఎవరు కప్పులు కడగాలో అందులో ఉంది. నలభై ఏళ్లలో ఆ కాగితం మీద పేరు పడినవారు రాకపోవడమన్నది జరగలేదు. తీసుకొమ్మంటే వెనక్కి తగ్గే జనం, వంతు అంటే మంచుతుఫానులోనైనా వస్తారు.

మన యజ్ఞాలలోనూ ఇదే ఏర్పాటు. ఎవరు ఏ మంత్రం పలకాలో, ఎవరు హవిస్సు వేయాలో ముందే నియతమై ఉంటుంది. కనుక ముందుకు రావడంలో అహంకారం లేదు, వెనుకాడడంలో వినయమూ లేదు. బ్రహ్మస్థానంలో కూర్చున్న ఋత్విజుడు స్వయంగా ఆహుతులు వేయడు. మౌనంగా అంతా గమనిస్తూ, లోపం కనిపించిన చోట సరిదిద్దుతాడు. దూరదూరాన ఉన్నవారి చేత పని చేయించేవారికి ఆ ఆసనమే తగినదని నాకు తోస్తుంది. లోర్నా అన్నాళ్లూ మౌనంగా ఉంది గాని, గమనించడం ఇప్పుడే మొదలుపెట్టింది.

సోమవారం ఆమె 'అంతా బానే ఉందా' అని అడగలేదు.

"ఆ పట్టిక కింద మీకు అభినందనలు రాసింది నేను. అది తప్పు. క్షమించండి" అంది. తొమ్మండుగురూ ఇబ్బందిగా తలలు వంచుకున్నారు. "ఇక లెక్కలుండవు. గంటకొకరి పేరు రాసి పంపుతున్నాను. జాబితాలో ఒక్కటే పేరు మిగిలితే, ఆ గంటలో ఎవరి పేరుందో ఆ పిలుపు వాళ్లది. ఇష్టంతో పని లేదు. అది వాళ్ల వంతు. కాగితం ఫ్రిజ్జు మీద అంటించుకోండి."

"వంతు వేశావా? అయితే మీవాళ్లకి పండగే" అంది డార్లా.

గురువారం డార్లాకు పోస్టులో బ్యాగ్లీ నుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో మెత్తని గుడ్డలో చుట్టిన లెఫ్సె అనే నార్వే బంగాళాదుంప రొట్టెలు డజను ఉన్నాయి. చీటీ లేదు. డార్లా లోర్నాకు ఫోన్ చేసి, "వెర్నా క్షమాపణ అందింది. వెన్న రాసుకు తింటున్నా. చాలా బాగా కుదిరింది" అంది.

నిరీక్షణ మొదటి వారం రెండున్నర నిమిషాలకు దిగింది. ఆ తర్వాత మరి కొంత దిగింది. పదమూడో తేదీన తుఫాను వచ్చింది. ఆ రోజు కుదిర్చిన బండ్లన్నీ రద్దయి, అందరూ మళ్లీ ఫోన్ చేశారు. ఇటువంటి రోజు ఒక్కటి చాలు, రెండు వారాల శ్రమ నీళ్లపాలు కావడానికి. ఒంటిగంటకు అయిదు నిమిషాలుండగా లోర్నా ఇంటి ఫోన్ మోగింది. పిలిచింది ఓరిన్.

"లోర్నా, కరెంటు పోయింది. ఒంటిగంట, రెండింటి వంతులు రెండూ ఈ రోజు నావే." తరువాతి మాట అతి కష్టంమీద వచ్చింది. "ఎవరైనా... నా బదులు చూడగలరా?"

మూడేళ్లలో ఆ జట్టులో ఎవ్వరూ ఎవరినీ సాయం అడగడం ఆమె వినలేదు. ఓరిన్ నూరేళ్లు బతికినా ఇటువంటి మాట అనడనుకుంది.

"చూస్తారు ఓరిన్. మీరు పొయ్యి దగ్గర కూర్చోండి."

ఆమె అందరికీ రాసింది. రాసిన పావు నిమిషానికే డార్లా, వెర్నా ఇద్దరూ 'నేను చూస్తాను' అని జవాబిచ్చారు. మరో రెండు నిమిషాలకు వెర్నా ఇంకొక వాక్యం పంపింది: 'డార్లా ఒంటిగంటది తీసుకుంటుంది, రెండింటిది నేను. మేం ఫోన్లో మాట్లాడుకున్నాం.'

పదిహేనో తేదీ శుక్రవారం పదిన్నరకు డెరిక్ ఫోన్ చేశాడు. లోర్నా చేతిలో పెన్ను పట్టుకొని కూర్చుంది గాని, రాసుకోవడానికి కాగితం పెట్టుకోవడం మరిచింది.

"చివరి రెండు వారాల సగటు నిమిషం నలభై సెకండ్లు" అన్నాడు. "తుఫాను రోజు కలిపే. పైవాళ్లకి చూపించా. ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు."

"ఆ ఫోటోలు తీసే ప్రోగ్రాము?"

"దాని ఊసు వదిలెయ్యండి. లోర్నా, ఒక మాట. ఇట్లాంటి ముక్కల సంగతులు ఇంకేమన్నా ఉంటే, పట్టికలు పెట్టకముందే చెప్పండి నాకు."

"చెప్తానండీ" అంది ఆమె. ఫోన్ పెట్టేసి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి, కొంతసేపు ఊరికే కూర్చుంది.

పదకొండింటికి అందరినీ పిలిచి చెప్పింది. ముందుగా ఓరిన్ గొంతు సవరించుకున్నాడు.

"సరే. అయితే బానే ఉంది."

"చూడండి, ఓరిన్ ఆనందం పట్టలేక గంతులేస్తున్నాడు" అంది డార్లా. ఓరిన్ మూతి ఒక పక్కకు కాస్త వంగింది. అది నవ్వే.

లోర్నా సమావేశం ముగించబోయింది. ఇంతలో వెర్నా చెయ్యి ఎత్తింది.

"ఒక చిన్న విషయం. చెప్పకపోయినా పరవాలేదు."

"చెప్పు వెర్నా."

"ఈ చెవికి పెట్టుకునేది ఉంది కదా. ఎడమ చెవిని కొరికేస్తోంది."

"ఎన్నాళ్లనుంచి?"

"మొదట్నుంచి."

"మూడేళ్లనుంచా? చెప్పొద్దూ!"

"అందరూ పెట్టుకుంటున్నారు కదా, నాకొక్కదానికే ఏమిటని ఊరుకున్నా."

"నాకూ కొరుకుతోంది" అన్నాడు ఓరిన్.

"నాకూ" అని ఇంకొక గొంతు వినిపించింది.

అక్కడినుంచి మాట ఆగలేదు. ఒకరికి జాబితాలో అక్షరాలు మరీ చిన్నవి. ఒకరికి సోమవారం తొమ్మిదింటి సమావేశం కోళ్లకు మేత వేసే వేళకు పడుతోంది. నాలుగు నిమిషాల్లో ముగిసే సమావేశం ఆ రోజు నలభై నిమిషాలు నడిచింది.

మధ్యాహ్నం నేను మా వాకిట్లో ఉండగా లోర్నా ఒక కాగితం పట్టుకొని వచ్చింది. కోటు బొత్తాలు పెట్టుకోలేదు, టోపీ లేదు, చలి ఆమెకు తెలుస్తున్నట్టు కూడా లేదు. ఉద్యోగాలు నిలిచాయని ముందు చెప్పింది. తర్వాత, వరాలు పొందిన మనిషిలా ఆ కాగితం చూపించింది.

"తొమ్మిది ఫిర్యాదులండీ. తొమ్మండుగురూ తలా ఒకటి చేశారు."

ఒక్కొక్కటే చదివి వినిపించింది. ఆరోది లోర్నా గురించే. చలి కబుర్లు తగ్గించి, పని సంగతులు ముందు మాట్లాడితే బాగుంటుందట. అది చదువుతూ నవ్వు ఆపుకోలేక, తక్కినవి నన్నే చదువుకోమని కాగితం నా చేతికిచ్చింది.